తప్పు చేతిదేనా?

మా నాన్నగారు కంపోజిటరు. ఈ సంచిక చదివేవాళ్ళలో ఆ మాటకి అర్థం తెలిసినవాళ్ళు ఎందరుంటారో గాని, ఒకప్పుడు మన ఊళ్ళలో పెళ్ళి శుభలేఖ మొదలు పంచాంగం దాకా ఏది అచ్చు కావాలన్నా అలాంటి మనిషి చేతిమీదుగా రావలసిందే. తెనాలిలో ఒక చిన్న ప్రెస్సులో 1967లో చేరి, డీటీపీ వచ్చి ఆ పని లేకుండా చేసేదాకా, పాతికేళ్ళపాటు ఆయన సీసపు టైపులు ఏరి పేర్చారు. ఎడమచేతిలో స్టిక్కు, ఎదురుగా ఏటవాలుగా నిలబెట్టిన కేసులు. ఇంగ్లీషుకైతే ఇరవయ్యారు అక్షరాలు. మనకి గుణింతాలు, ఒత్తులు అన్నిటికీ టైపులు కావాలి కాబట్టి కేసుల్లో గళ్ళు కొన్ని వందలు. చిన్నప్పుడు సాయంత్రం పూట క్యారియరు ఇవ్వటానికి వెళ్ళి ఆయన వెనక నిలబడి చూస్తూ ఉండేవాణ్ణి. కళ్ళు మేటరు మీద ఉండేవి. కుడిచెయ్యి మాత్రం దాని దారిన అది గడిలోకి వెళ్ళి, టైపు పట్టుకుని, స్టిక్కులో పెట్టి, మళ్ళీ వెళ్ళేది. పొరపాటు గడిలో చెయ్యి పెట్టటం నేను ఎప్పుడూ చూడలేదు.

అమ్మ పోయాక ఆయన కొలంబస్‌లో మా దగ్గరే ఉంటున్నారు. మూడేళ్ళ కిందట ఒక రోజు ఉదయం పదింటికి, మేమిద్దరం ఆఫీసుల్లో ఉండగా, గుంటూరు ఆసుపత్రి నుంచి వీడియో కాల్ వచ్చింది. పెదనాన్నకి బాగాలేదు, తమ్ముడితో మాట్లాడాలన్నాడట. నాన్న చేతిలో ఫోను మోగుతోంది. తెర అడుగున ఎర్ర గుండ్రం ఒకటి, ఆకుపచ్చ గుండ్రం ఒకటి. నాన్న నొక్కింది ఎరుపు. మళ్ళీ చేశారు. మళ్ళీ ఎరుపే. మూడోసారీ అంతే. ఈయన నిద్రపోతున్నాడేమో, విసుక్కుంటున్నాడేమో అనుకుని మా అన్నయ్య ఊరుకున్నాడు. తిరిగి చెయ్యటం నాన్నకి రాదు. మేము ఇంటికి వచ్చి చేసేసరికి పెదనాన్నకి స్పృహ లేదు. మర్నాడు పోయాడు.

నాన్న ఏడవలేదు. అరచెయ్యి తిప్పి చూసుకుంటూ, "చెయ్యి పనికిరాకుండా పోయిందిరా" అన్నారు.

నేను జవాబు చెప్పలేకపోవటానికి ఇంకో కారణం ఉంది. తెరల మీద బొత్తాలు అమర్చటం నా వృత్తి. పదేళ్ళ కిందట ఒక కంపెనీలో గోదాముల కోసం ఒక చిన్న పరికరానికి తెర తయారు చేశాను. అన్నీ ఒకే తెర మీద పట్టించాలన్న యావలో 'సేవ్', 'డిలీట్' బొత్తాలని చిన్నవి చేసి పక్కపక్కన ఇరికించాను. చేతితొడుగులు వేసుకుని పనిచేసేవాళ్ళు ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కుతున్నారని ఫిర్యాదులు వచ్చాయి. 'యూజర్ ఎర్రర్' అని రాసి టికెట్లు మూసేశాను. ఒకటి కాదు, చాలా.

ఈ రెండు సంగతుల మధ్య ఉన్న సంబంధం తెలుసుకోవాలని పాత పుస్తకాలు, పత్రాలు తిరగేస్తే, కథ మా ఊళ్ళోకే వచ్చి ఆగింది. ఆశ్చర్యమేసింది. ఈ దేశంలో ఇరవై ఏళ్ళుగా ఉంటూ, అందులో పన్నెండేళ్ళు ఒహాయోలో ఉండి కూడా నాకీ సంగతి తెలియదు.

మాకు గంటన్నర దూరంలో డేటన్ ఉంది. రైట్ సోదరుల ఊరు. ఇండియా నుంచి ఎవరు వచ్చినా మేము అక్కడి వైమానికదళ మ్యూజియానికి తీసుకువెళ్తాం (టికెట్ లేదు, పార్కింగూ ఉచితం, మనవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి!). అక్కడ 2018 నుంచి 'మెంఫిస్ బెల్' అనే బి-17 బాంబర్ని ప్రదర్శనలో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ బి-17 విమానాలతో ఒక విచిత్రమైన చిక్కు వచ్చింది. క్షేమంగా నేలమీద దిగిన విమానం, రన్‌వే మీద పరుగెడుతూ ఉండగానే చక్రాలు ముడుచుకుని బోర్లా పడేది. పైలట్ ఫ్లాప్స్ మూయబోయి చక్రాలు మూసేవాడన్నమాట. 'పైలట్ తప్పు' అని రాసుకుని దస్త్రం మూసేవారు. 1943 ప్రాంతంలో డేటన్ రైట్ ఫీల్డులో ఉన్న ఆల్ఫాన్స్ చపానిస్ అనే కుర్ర మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కాక్‌పిట్‌లోకి వెళ్ళి చూశాడు. ఫ్లాప్స్ స్విచ్చి, చక్రాల స్విచ్చి పక్కపక్కనే ఉన్నాయి. చూడటానికి, తాకటానికి ఒక్కలాగే ఉన్నాయి. సి-47 అనే రవాణా విమానంలో అవి వేరువేరు చోట్ల ఉండేవి; ఆ పైలట్లు ఈ తప్పు చెయ్యటం లేదు. చక్రాల స్విచ్చికి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్ స్విచ్చికి రెక్కలాంటి ముక్క తగిలించమన్నాడు. తడిమితే చాలు, ఏది ఏదో తెలిసిపోతుంది.

యుద్ధం ముగిసిన 1945లో అదే రైట్ ఫీల్డులో మనస్తత్వ శాస్త్ర విభాగానికి పాల్ ఫిట్స్ అధిపతి అయ్యాడు. టెనెసీ రాష్ట్రంలో మార్టిన్ అనే చిన్న ఊళ్ళో 1912లో పుట్టినవాడు. ఆయన, రిచర్డ్ జోన్స్ కలిసి పైలట్ల దగ్గరనుంచి 460 పొరపాట్ల కథలు సేకరించి 1947లో ఒక నివేదిక రాశారు. వాటిలో దాదాపు సగం, ఒకటి బదులు మరొకటి పట్టుకున్న పొరపాట్లే. ఆ నివేదికలో నాకు అన్నిటికన్నా నచ్చింది దాని శీర్షిక. అందులో 'పైలట్ తప్పు' అన్న మాటని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టారు. ఆ నాలుగు చుక్కలూ లేకుండా నేను ఎన్ని టికెట్లు మూశానో!

1949లో ఫిట్స్ డేటన్ వదిలి మా కొలంబస్‌లోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. ఒకటి బదులు ఒకటి నొక్కటం సరే. అసలు మనిషి చెయ్యి ఒక గురి దగ్గరికి ఎంత త్వరగా, ఎంత కచ్చితంగా వెళ్ళగలదు? ఈ ప్రశ్నకి ఆయన 1954లో ఇచ్చిన జవాబునే 'ఫిట్స్ సూత్రం' అంటున్నాం.

నిజానికి ఆ ప్రశ్న అంతకు ముందుదే. 1899లో న్యూయార్కు కొలంబియా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ వుడ్‌వర్త్ డాక్టరేటు కోసం ఇదే పని చేశాడు. తిరిగే డ్రమ్ము మీద కాగితం, చేతిలో పెన్సిలు, పక్కన టిక్కు టిక్కుమనే మెట్రోనోము. ముందు గీసిన గీత ఎంత పొడుగుందో మళ్ళీ అంతే పొడుగు గీయాలి. నిమిషానికి 20 గీతల నుంచి 200 గీతల దాకా వేగం పెంచుతూ పోవాలి. ఒకసారి కళ్ళు తెరుచుకుని, ఒకసారి మూసుకుని. కళ్ళు మూసుకుంటే వేగం పెరిగినా తగ్గినా తప్పు ఇంచుమించు ఒకటే. తెరుచుకుంటే నిదానంగా గీసినప్పుడు తప్పు బాగా తక్కువ, వేగం పెరిగిన కొద్దీ పెరుగుతుంది. నిమిషానికి 140 దాటాక కళ్ళున్నా లేకపోయినా ఒకటే! చెయ్యి ముందు ఒక్క ఊపున బయలుదేరుతుందని, చివర్లో కన్ను దాన్ని దిద్దుతుందని, ఆ దిద్దటానికి సమయం కావాలని ఆయన తేల్చాడు. సూదిలో దారం ఎక్కించే మామ్మని గుర్తు తెచ్చుకోండి. దారం సూది దాకా ఒక్క క్షణంలో వస్తుంది. ఆ తరవాతే ఆవిడ మనవల్ని పిలిచేది.

అర్ధశతాబ్దం తరవాత ఫిట్స్ చేసిన కొత్త పనల్లా దీనికి లెక్క కట్టటమే. ఆ లెక్క ఎక్కడనుంచి తెచ్చాడంటే, 1948లో బెల్ ల్యాబ్స్ నుంచి క్లాడ్ షానన్ ప్రచురించిన సమాచార సిద్ధాంతం నుంచి. కాకినాడలో ఇంజనీరింగు చదివేటప్పుడు కమ్యూనికేషన్స్ పరీక్షకి షానన్ సూత్రాన్ని బట్టీ పట్టాను. ధ్వని ఎంత, రొద ఎంత, ఆ తీగ సెకనుకి ఎన్ని బిట్లు మొయ్యగలదు, ఇదీ అందులోని సారాంశం. టెలిఫోను తీగకి పనికొచ్చింది చేతికి ఎందుకు పనికిరాదు అన్నాడు ఫిట్స్. చెయ్యి కదలవలసిన దూరం ధ్వని అనుకోండి. గురి ఎంత వెడల్పుందో అంతవరకు తప్పినా ఫరవాలేదు కాబట్టి ఆ వెడల్పు రొద. దూరాన్ని రెట్టించి, వెడల్పుతో భాగించి, 2 ఆధారంగా సంవర్గమానం, అదే లాగరిథం, తీస్తే ఆ కదలిక ఎన్ని బిట్ల కష్టమో వస్తుంది. మా మాస్టారు ఈ ఒక్క ఉదాహరణ చెప్పి ఉంటే నాకు షానన్ అప్పుడే అర్థమయ్యేవాడు.

ప్రయోగం చాలా సాదా. బల్ల మీద రెండు లోహపు పట్టీలు. చేతిలో పెన్సిలులాంటి ఇనప ములికి. 15 సెకన్లపాటు అటూ ఇటూ ఎన్నిసార్లు తాటించగలిగితే అన్నిసార్లు తాటించాలి. తగలకుండా పోకూడదు; వేగం కన్నా గురి ముఖ్యం అని ముందే చెప్పాడు. పదహారుమంది కాలేజీ కుర్రాళ్ళు, అందరూ కుడిచేతి వాటం. పట్టీల వెడల్పు పావు అంగుళం, అరంగుళం, అంగుళం, రెండంగుళాలు. మధ్య దూరం 2, 4, 8, 16 అంగుళాలు.

ఫలితాల పట్టికని నేను ప్రింటు తీసి ఆఫీసులో గోడకి అంటించుకున్నాను. రెండంగుళాల పట్టీలు రెండంగుళాల దూరంలో ఉంటే ఒక్కో తాటింపుకి 0.18 సెకను. పావు అంగుళం పట్టీలు పదహారు అంగుళాల దూరంలో ఉంటే 0.73. ఇందులో వింత లేదు, ఎవరైనా చెప్పగలరు. వింత మధ్యలో ఉంది. పావు అంగుళం పట్టీ, 2 అంగుళాల దూరం: 0.392 సెకను. రెండంగుళాల పట్టీ, 16 అంగుళాల దూరం: 0.388 సెకను. ఒకటి మణికట్టు కదిపితే సరిపోయే పని, రెండోది చెయ్యంతా ఊపాల్సిన పని. పట్టిన సమయం దాదాపు ఒకటే! ఎందుకంటే రెండిట్లోనూ దూరానికీ వెడల్పుకీ నిష్పత్తి ఎనిమిదే. రెండూ నాలుగు బిట్ల కష్టమే. దూరం రెట్టింపైతే ఒక బిట్టు పెరుగుతుంది, వెడల్పు సగమైనా ఒక బిట్టు పెరుగుతుంది. ఒక్కో బిట్టుకీ సుమారు సెకనులో పదో వంతు చెల్లించాలి. అంటే చేతి సామర్థ్యం సెకనుకి పది బిట్లు. మన ఇళ్ళకి వచ్చే ఇంటర్నెట్టు సెకనుకి కోట్ల బిట్లు మోసుకొస్తుంది గాని, దాని చివర కూర్చున్న మన చెయ్యి మాత్రం పది దగ్గరే ఆగిపోయింది.

మన పెద్దవాళ్ళు 'ఆలస్యం అమృతం విషం' అనీ అన్నారు, 'నిదానమే ప్రధానం' అనీ అన్నారు. రెండిటి మధ్య మారకపు రేటు ఎంతో చెప్పలేదు. డాలరుకి ఎన్ని రూపాయలో రోజూ పొద్దున్నే చూసుకునే మనలాంటివాళ్ళకి ఫిట్స్ చేసిన పని ఇట్టే అర్థమవుతుంది.

ఇది న్యూటన్ సూత్రంలాంటి అచ్చమైన సూత్రం కాదని కూడా చెప్పాలి. గోళీ విసరటానికి, బంతి కొట్టటానికి, అంటే మధ్యలో దిద్దుకునే వ్యవధి లేని కదలికలకి ఇది ఇలాగే వర్తించదు. 1979లో రిచర్డ్ ష్మిట్ బృందం అలాంటి వాటికి వేరే సంబంధం చూపించింది. షానన్ పోలిక అక్కడక్కడ కుంటుతుంది కూడా. అయినా వేలిమీద, పాదంమీద, నీళ్ళలోపల పనిచేసేవాళ్ళ మీద కూడా పరీక్షించి చూస్తే, అంకెలు మారాయి గాని ఆకారం మారలేదు.

1958లో ఫిట్స్ మిషిగన్ వెళ్ళాడు. 1965లో, ఇంకా 53 నిండకుండానే, గుండెపోటుతో పోయాడు. కాలిఫోర్నియాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్, బిల్ ఇంగ్లిష్ చెక్కతో మొదటి మౌసు తయారు చేసింది 1964లో. లోకానికి చూపించింది 1968 డిసెంబరులో. తన సూత్రం దేనికి ఎక్కువగా పనికొస్తుందో ఫిట్స్ చూడనేలేదు. పాలో ఆల్టోలోని జిరాక్స్ పరిశోధనాలయంలో స్టూవర్ట్ కార్డ్, అదే బిల్ ఇంగ్లిష్, బెటీ బర్ కలిసి మౌసునీ, జాయ్‌స్టిక్కునీ, మీటల్నీ పోటీపెట్టి 1978లో ఫలితాలు ప్రకటించారు. మౌసు గెలిచింది. అంతకంటే ముఖ్యం, మౌసుతో బిట్టుకి పట్టిన సమయం ఫిట్స్ ములికితో పట్టిన సమయానికి చాలా దగ్గర. అంటే అడ్డంకి పరికరంలో లేదు, చేతిలోనూ కంటిలోనూ ఉంది. ఇంతకంటే ఎంతో వేగమైన పరికరం కోసం వెతకనక్కరలేదు. 1981లో జిరాక్స్ అమ్మకానికి పెట్టిన స్టార్ కంప్యూటరుతో మౌసు వచ్చింది.

ఆ తరవాతి కథలో మీరూ నేనూ ఉన్నాం. 1984లో వచ్చిన మాకింటాష్‌లో మెనూ తెర పై అంచుకి అంటుకుని ఉంటుంది. ఎంత విసురుగా తోసినా బాణం గుర్తు అంచు దాటి పోలేదు కాబట్టి ఆ గురికి లోతు అనంతమన్నట్టే. విండోస్ 95లో 'స్టార్ట్' బొత్తాన్ని ఎడమ అడుగు మూలలో పెట్టారు గాని, మూలకీ బొత్తానికీ మధ్య సన్నటి అంచు వదిలారు. సరిగ్గా మూలలో నొక్కితే ఏమీ జరిగేది కాదు! కోట్లమంది చేతులు తెలియకుండానే ఆ కాస్త అంచుకి పన్ను కట్టాయి. తరవాత సరిచేశారు.

ఇప్పుడు ఫోన్లు. ములికి బదులు వేలు. తాకే బొత్తం కనీసం 44 పాయింట్లు ఉండాలని ఆపిల్, సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలని గూగుల్ తమ నియమావళుల్లో రాసుకున్నాయి. తెలుగు మీటలపలకకి వచ్చేసరికి చిక్కు. అక్షరాలు రెట్టింపు, తెర మాత్రం అంతే. మీట వెడల్పు సగమైతే ఒక బిట్టు ఎక్కువ, తాకినప్పుడల్లా సెకనులో పదో వంతు. 90లలో యూజ్‌నెట్ తెలుగు చర్చలకోసం రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయటం మొదలుపెట్టిన మన తరం ఇవాళ్టికీ వాట్సాప్‌లో అదే దారిన పోతోంది. అది భాషాభిమానం లేక మాత్రమే అని నేను అనుకోను.

ఫిట్స్ లెక్కలో లేని సంగతి ఒకటుంది. ఆయన బల్ల మీద గురికి రెండు పక్కలా ఇంకో లోహపు పలక ఉండేది. ములికి తప్పి దానికి తగిలితే ఒక తప్పు కింద లెక్కపడేది, అంతే. ప్రతి తప్పుకీ ఒకటే ఖరీదు. మా నాన్న ఫోనులో గురికి పక్కనున్న పలక ఎర్రగుండ్రం. గురి ఎంత పెద్దదో ఒకటే చూస్తే చాలదు, గురి తప్పితే చెయ్యి ఎక్కడ పడుతుందో కూడా చూడాలని డేటన్ నివేదిక 1947లోనే చెప్పింది.

పోయిన చలికాలంలో ఒక ఆదివారం, బయట మంచు, ఎక్కడికీ వెళ్ళటానికి లేదు. భోజనాల బల్ల మీద కాగితం పరిచి ఫిట్స్ పట్టీలు గీశాను. రెండంగుళాల పట్టీలు, ఎనిమిది అంగుళాల దూరం. ఫిట్స్ కుర్రాళ్ళ లెక్కన 15 సెకన్లలో 53 తాటింపులు పడాలి. మా అమ్మాయి 57 కొట్టి నావైపు గర్వంగా చూసింది. నాన్న 36. ఒక్కటీ తప్పలేదు. తరవాత పావు అంగుళం పట్టీలు, అదే దూరం. అమ్మాయి 31 కొట్టింది, అందులో 9 గీత బయట. నాన్న 14. చివర్లో చెయ్యి సన్నగా వణుకుతోంది, పెన్సిలు మొన పట్టీ మీద ఒక్క క్షణం తచ్చాడి అప్పుడు దిగుతోంది. పద్నాలుగూ పట్టీ లోపలే ఉన్నాయి. వయసు మీరినవాళ్ళు వేగం వదులుకుని గురి నిలుపుకుంటారని చదివాను గాని, కళ్ళారా చూడటం అదే మొదలు.

"తాతయ్యా, మీరు ఒక్కటీ మిస్ కాలేదు!" అంది అమ్మాయి.

నాన్న కాగితాన్ని దగ్గరికి లాక్కుని చుక్కలు రెండోసారి లెక్కపెట్టారు. అప్పుడు నేను ఫిట్స్ సంగతీ, బి-17 సంగతీ, గోదాము టికెట్ల సంగతీ, చివరికి ఎర్రగుండ్రం సంగతీ అన్నీ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు ఆయన. తరవాత, "ఎక్కువ వాడే టైపుల గళ్ళు మాకు చేతి దగ్గరే ఉండేవిరా, పెద్దవి కూడా. ఎప్పుడో గాని రానివి పైన మూలకి. పక్కపక్కన ఒకేలా ఉండే అక్షరాలు పెడితే మా ఫోర్‌మన్ తిట్టేవాడు" అన్నారు.

"ఎలా ఉండేది తాతయ్యా ఆ కేసు?" అని అడిగింది అమ్మాయి.

ఆయన కాగితం వెనక్కి తిప్పి, పెన్సిలు తీసుకుని, స్కేలు ఇమ్మని నన్ను అడిగారు. చీకటి పడేదాకా గళ్ళు గీస్తూనే ఉన్నారు.

ఫోను సంగతి అంటారా? ఎవరు చేసినా దానంతటదే ఎత్తుకునేట్టు సెట్టింగు మార్చాను. ఆ సెట్టింగు ఫోనులో మొదటినుంచీ ఉంది.